గాలి తుపాకి: గొట్టము, గుండు, గురి

(గత ఆదివారము సాయంకాలము మన సంఘ భవనములో జరిగిన యువజన సభయందు సంఘ కార్యవర్గ సభ్యులును, ఇనుప సామానుల వర్తకులును అగు ఒక పెద్ద చేసిన ఉపన్యాసము. పలువురు సభ్యుల కోరికపై పూర్తిగా ప్రకటించుచున్నాము. – సంపాదకుడు)



మేకులు, బోల్టులు, గొలుసులు తూచి అమ్ముకొను నావంటివాడు తుపాకులను గూర్చి ఉపన్యసించుట మీకు వింతగా తోచవచ్చును. నేను సిపాయిని కాను, వేటగాడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి తండ్రిగారి దుకాణములో కూర్చున్నవాడను. అయినను గత నెలలో జరిగిన రెండు సంగతులు నన్ను ఈ వేదికపైకి ఎక్కించినవి.

మొదటిది మీరందరును ఎరిగినదే. మన యువకులు ఇరువదిమంది సంతకములు చేసి సంఘమునకు ఒక విన్నపమిచ్చిరి. సంఘ భవనపు మేడమీది హాలులో గాలి తుపాకితో గురి నేర్చుకొనుటకు అనుమతియు, తుపాకులు కొనుటకు కొంత సొమ్మును కావలెనని వారి కోరిక. పెద్దలలో పలువురు కోపించిరి. తెలుగు బడిపిల్లలకు పుస్తకములు కొనవలసిన సొమ్ముతో పిట్టలను కొట్టు తుపాకులా అని ప్రశ్నించిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే.

రెండవ సంగతి నా దుకాణములో జరిగినది. సంతకము చేసినవారిలో ఒక పిల్లవాడు గోనెసంచిలో చుట్టిన గాలి తుపాకిని తెచ్చి నా బల్లమీద పెట్టి, “కాకా, మీకు లేతు పనివాళ్లు తెలుసు గదా, ఈ గొట్టం తొలిపించి పెద్దది చేయించరాదా? పెద్ద ఛర్రా పడితే దెబ్బ జోరుగ ఉంటది” అని అడిగెను. నేను వానిని కూర్చుండబెట్టి చాయ త్రాగించి, “మంచిది, వచ్చే సభలో జవాబు చెప్పెదను” అంటిని. నా మాటపై ఆ తుపాకి నేటివరకు నా దుకాణములోనే యున్నది. వాని పేరు చెప్పను. ముందు వరుసలోనే కూర్చున్నాడు.

వాని ప్రశ్న తెలివితక్కువది కాదు. గొట్టమును, గుండును బాగుచేసినచో తుపాకి బాగుపడునా? బాగుపడును. అయితే బాగుపడుట యనగా ఏమి? దెబ్బ పెరుగుటయా, గురి కుదురుటయా? నా ఉపన్యాసమంతయు ఈ ఒక్క ప్రశ్నకు సమాధానము.

ముందుగా నా తప్పును చెప్పుకొనవలెను. నాకు పండ్రెండేండ్ల వయసున ధర్మాబాదు చెంత మా చిన్నాయనగారి జొన్నచేనికి సెలవులలో పోయితిని. కంకులపై వ్రాలు చిలుకలను తోలుటకు అక్కడ ఒక పాత గాలి తుపాకి యుండెను. పెద్దలు భోజనమునకు పోయిన వేళ దానిని తీసి బావి గట్టున వ్రాలిన చిలుకను కొట్టబోయితిని. చిలుక ఎగిరిపోయెను. గుండు బావి రాతికి తగిలి తిరిగివచ్చి మా చిన్నాయన కుమారుని కనుబొమకు తగిలెను. వానికప్పుడు ఎనిమిదేండ్లు. కంటికిని దెబ్బకును నడుమ ఉండినది ఒక వ్రేలి వెడల్పు మాత్రమే. ఆ మచ్చ నేటికిని వాని కనుబొమపై ఉన్నది. వాడును ఈ సభలోనే ఉన్నాడు. వాని అనుమతి తీసికొనియే ఈ మాట చెప్పుచున్నాను.

కావున గాలి తుపాకి ఆటబొమ్మ యని నేను చెప్పజాలను. అట్లని దానిని ముట్టరాదనియు చెప్పజాలను. తెలిసి ముట్టవలెనని చెప్పుటకే వచ్చితిని.

ఇక పెద్ద గొట్టపు సంగతి. ఇది క్రొత్త ఆలోచన కాదు. 1780 ప్రాంతమున ఆస్ట్రియా సైన్యము జిరార్డోని అను పనివాడు కల్పించిన గాలి తుపాకిని స్వీకరించినది. దాని గొట్టపు రంధ్రము మన చిటికెనవ్రేలి మొన పట్టునంతటిది. మందుగుండు లేదు, పొగ లేదు. తుపాకి మడమయే గాలిని నిలువచేయు ఇనుప కుండ. గొట్టము ప్రక్కన ఒక కొళాయిలో ఇరువది గుండ్లు వరుసగా నిలిచియుండును. తక్కిన సైనికులు ఒక్కొక్క గుండును, మందును కూరుకొనుచుండగా ఈ తుపాకి గలవాడు ఒకదాని వెంట ఒకటిగా కాల్చగలిగెను. 1804–1806 సంవత్సరములలో అమెరికా పడమటి సీమలను చూచివచ్చిన లూయిస్, క్లార్కుల దండు కూడ ఒక గాలి తుపాకిని వెంట కొనిపోయి, దారిలోని జాతుల వారికి కాల్చి చూపినది.

అంతటి ఆయుధము సైన్యములో ఎందుకు నిలువలేదు? 1815 నాటికే దానిని విడిచిపెట్టిరి. కారణములను విన్నచో మన పిల్లవాని ప్రశ్నకు సగము జవాబు దొరకును. ఆ కుండను నింపుటకు చేతిపంపును దాదాపు 1500 మార్లు కొట్టవలెను. నింపిన గాలి ముప్పది గుండ్లు కాల్చునప్పటికి బలహీనపడును. మొదటి గుండు పోయినంత దూరము చివరి గుండు పోదు. తోలు బిరడాలు ఎండినచో గాలి కారిపోవును. అతుకులు విడినచో కుండ పనికిరాదు. దానిని బాగుచేయగల పనివారు సైన్యముతో పాటు ఎల్లయెడల ఉండరు. పెద్ద గుండునకు పెద్ద గాలి కావలెను. పెద్ద గాలికి పెద్ద కుండయు, పెద్ద శ్రమయు కావలెను. ఇది ఉచితముగా వచ్చు బలము కాదు.

లెక్కతో చెప్పెదను. మనము చిన్నతనమున బడిలో నేర్చిన లెక్కయే. గొట్టపు రంధ్రము నాలుగున్నర మిల్లీమీటర్లు ఉన్నదనుకొనుడు. దానిని తొమ్మిది మిల్లీమీటర్లు చేసినారనుకొనుడు. అడ్డుకొలత రెండింతలైనది. గాలి త్రోయు వైశాల్యము నాలుగింతలైనది. కనుక అదే ఒత్తిడికి త్రోపు నాలుగింతలగును. ఇంతవరకు పిల్లవాని ఆలోచన సరియే. అయితే గుండ్రని సీసపు గుండు బరువు ఎన్ని యింతలగును? ఎనిమిదింతలు! త్రోపు నాలుగింతలు, బరువు ఎనిమిదింతలు. అనగా గుండు వేగము పుంజుకొను చురుకు ముందుకంటె సగమగును. పైగా అదే పొడవు గల గొట్టమును నింపుటకు గాలి నాలుగింతలు కావలెను. ఆ గాలి ఎక్కడినుండి వచ్చును?

మన ఊరిలో దొరకు మామూలు తుపాకిలో గాలి కుండ లేదు. లోపల ఒక స్ప్రింగు, దాని ముందర ఒక పిస్టను ఉండును. తుపాకిని విరిచినప్పుడు స్ప్రింగు బిగియును. మీట నొక్కినప్పుడు పిస్టను ముందుకు దూకి గదిలోని పిడికెడు గాలిని నొక్కును. సైకిలు పంపు మూతిని వ్రేలితో మూసి కొట్టినట్లన్నమాట. ఆ గాలి కొలత నిర్ణయమైపోయినది. గొట్టమును ఎంత తొలిపించినను అది పెరుగదు. పంపును మార్చక లారీ చక్రమునకు గాలి కొట్టబూనినవాని కథ వంటిది ఇది.

నేటి కాలమున విదేశములలో పెద్ద గొట్టపు గాలి తుపాకులు మరల పుట్టినవి. అమెరికాలో కొన్ని రాష్ట్రములలో వానితో జింకలను వేటాడుటకు చట్టము ఒప్పుకొనుచున్నది. వాని తొట్టెలలో గాలి 200 బార్లకు పైగా ఒత్తిడితో నిలువయుండును. మన కారు చక్రములో ఉండునది సుమారు రెండు బార్లు. ఆ తొట్టెలను కర్మాగారములలో పరీక్షించి ముద్రవేసి పంపుదురు. వానికి గుండ్రని గుండు చాలదు, పొడవైన గుండు కావలెను. గుండు పొడవైన కొలది గొట్టములోని మరలు మరింత దగ్గరగా చుట్టవలెనని 1879లోనే గ్రీన్‌హిల్ అను గణితశాస్త్రజ్ఞుడు సూత్రము చెప్పెను. లేనిచో పొడవు గుండు గాలిలో బొంగరము పడిపోవునట్లు తూలును. చూచితిరా? గొట్టము, మర, గుండు, గాలి ఈ నాలుగును ఒక కుటుంబము. ఒక్కదానిని మాత్రము పెంచి తక్కినవానిని అట్లే యుంచినచో ఇల్లు చెడును.

మరల ప్రసక్తి వచ్చినది కనుక దానిని చెప్పెదను. గొట్టము లోపలి గోడ నున్నగా నుండదు. బోల్టునకు మర యున్నట్లు దానికిని లోపల సన్నని గాడులు మెలికగా చెక్కియుండును. బోల్టు మర దట్టముగా చుట్టును. గొట్టపు మర బహు సాగదీసి చుట్టును. గుండు ఆ గాడులలో కరచుకొని తిరుగుచు బయటికి వచ్చును. తిరుగుచున్న బొంగరము ఎట్లు నిలుచునో, తిరుగుచున్న గుండు అట్లే దారి తప్పక పోవును. ఇప్పుడు పిల్లవాడు తెచ్చిన గొట్టమును లేతుపై తొలిపించినచో ఏమగును? మొట్టమొదట ఆ గాడులు పోవును. మిగులునది నున్నని నీళ్ల గొట్టము. గోడ పలుచనగును. గుండు వదులగును. గాలి ప్రక్కలనుండి జారిపోవును. గురి పోవును, దెబ్బయును పోవును. లేతు కూలి మాత్రము ఇయ్యవలెను.

మాళేగావ్ ఖండోబా జాతరకు పోవువారందరును బుడగల దుకాణములను చూచియున్నారు. అక్కడి తుపాకితో మనము ఎర్ర బుడగను కొట్టబోగా పచ్చ బుడగ పగులును. మన చేతిని తిట్టుకొందుము. చేతి తప్పు కొంత. గొట్టపు తప్పు చాల. వేలకొలది గుండ్లు పోయి, ఎండకు వానకు తడిసి, ప్రతివాడును నేలపై కొట్టిన గొట్టము మూతి చెడియుండును. మూతి యంచు చాల ముఖ్యము. గుండు గొట్టమును వదలు చివరి తావు అదే. అంచునకు ఒక ప్రక్క నొక్కు పడినచో గాలి ఆ ప్రక్కనుండి ముందుగా తప్పించుకొని గుండును ఒరగద్రోయును. వంద రూపాయల కొలబద్ద చివర విరిగినచో ఎంత గుడ్డ తప్పుగా కొలుచునో మన బట్టల వర్తకులకు చెప్పనక్కరలేదు.

మంచి పోటీ తుపాకులలో గొట్టము చివర రంధ్రమును వెంట్రుకవాసి ఇరుకుగా చేయు పద్ధతి కలదు. కంసాలి బంగారు తీగెను చిల్లుల పలకగుండ లాగి ఒకే సన్నము చేసినట్లు, ఆ యిరుకు చోటు గుండ్లన్నింటిని ఒకే కొలతకు తెచ్చి పంపును. బాగుచేయుట యనగా ఇది. రంధ్రమును పెద్దది చేయుట కాదు, సమానము చేయుట.

ఇక గుండు. మన పిల్లలు ఛర్రా యందురు. మరాఠీ బడులలో చదువు వారికి ఆ మాటయే వచ్చును. తప్పు లేదు. చేతిలోనికి తీసికొని చూడుడు. శివుని డమరుకమును వేయింతలు తగ్గించినట్లుండును: ముందర తల, నడుమ సన్నని నడుము, వెనుక బోలు పావడ. ఈ రూపము అందమునకు పెట్టినది కాదు. వెనుకనుండి గాలి తగిలినప్పుడు పలుచని పావడ విచ్చుకొని గొట్టపు గోడకు అంటుకొనును, గాలిని జారనీయదు. నడుము సన్నముగ నుండుటచే గోడతో రాపిడి తక్కువ. తల బరువుగను, వెనుక బోలుగను ఉండుటచే గాలిలో వెనుకభాగము వెనుకనే యుండును, బాణమునకు ఈకలు కట్టినట్లు. పోటీలలో తల చదునుగ నుండు గుండ్లను వాడుదురు. అవి కాగితమును చింపక గుండ్రముగా కత్తిరించును, మార్కులు లెక్కించుట తేలిక.

పోటీ గుండు బరువు సుమారు 0.53 గ్రాములు. మన కంసాలుల లెక్కలో నాలుగు గురిగింజలకు కొంచెము మించు. తల కొలత 4.48 మొదలు 4.52 మిల్లీమీటర్ల వరకు రకరకములుగా తయారుచేసి డబ్బాలపై ముద్రింతురు. మిల్లీమీటరులో నూరవ వంతు తేడాకు వేరు డబ్బా! ఇది వర్తకుల మోసమని మొదట నేననుకొంటిని. కాదు. ఒక్కొక్క గొట్టమునకు ఒక్కొక్క గుండు నచ్చును. ఒకే కర్మాగారములో ఒకే దినమున పుట్టిన రెండు గొట్టములైనను ఒకే గుండును మెచ్చకపోవచ్చును. అందుచేతనే ప్రపంచ స్థాయి ఆటగాండ్రు తమ తుపాకిని గుండ్ల కర్మాగారమునకే కొనిపోయి, గొట్టమును బిగించి కదలకుండ నిలిపి, డబ్బా తరువాత డబ్బా కాల్చి చూచి, ఏ మూటలోని గుండ్లు ఒకే రంధ్రములో పడునో ఆ మూటనే కొనుక్కొందురు.

నేనును వర్తకుడను గదా, ఒక పరీక్ష చేసితిని. రెండు డబ్బాలు తెప్పించితిని. ఒకటి జాతరలో వాడు చవక రకము, ఒకటి పోటీ రకము. మన వాడలోని కంసాలి మామగారి త్రాసుపై ఒక్కొక్క డబ్బానుండి యాభై గుండ్లు తూచితిమి. పోటీ గుండ్లు కవల పిల్లలవలె ఉండెను. చవక గుండ్లలో బరువుది ఒకటి, తేలికది ఒకటి ప్రక్కప్రక్కన పెట్టినచో త్రాసు ముల్లు స్పష్టముగా ఒరగెను. కొన్నింటి పావడలు నొక్కుకొని కోడిగ్రుడ్డు ఆకారమున ఉండెను. కంసాలి మామ నవ్వి, “వీటిని బంగారమని తెచ్చియుంటే వాకిట్లోనుంచే పంపించేవాణ్ని” అనెను.

ఈ తేడా గురిపై ఎంత పనిచేయును? పది మీటర్ల పోటీలో గుండు సెకనుకు సుమారు 170 మీటర్ల వేగముతో పోవును. లక్ష్యమును చేరుటకు సెకనులో పదునేడవ వంతు పట్టును. ఆ లోపల భూమి దానిని పదునేడు మిల్లీమీటర్లు క్రిందికి లాగును. గురి అద్దమును దానికి సరిచేసి పెట్టుకొందుము, చిక్కులేదు. కాని ఒక గుండు తేలికయై 175 మీటర్ల వేగముతో పోయినదనుకొనుడు. అది పదునారు మిల్లీమీటర్లే దిగును. తేడా ఒక్క మిల్లీమీటరు. ఒక్క మిల్లీమీటరే గదా యందురేమో! రైఫిలు లక్ష్యములో నడిబొట్టు అడ్డుకొలత అర మిల్లీమీటరు, ఆవగింజకంటె చిన్నది. నడుమనుండి పావు మిల్లీమీటరు తొలగిన ప్రతిసారియు మార్కులో పదవ వంతు పోవును. ఒక మిల్లీమీటరుకు 0.4 మార్కులు.

ఈ 0.4 ఎంతటిదో మన సీమవానిని అడుగుడు. 2012లో లండను ఒలింపిక్సులో పది మీటర్ల గాలి రైఫిలు పోటీలో గగన్ నారంగ్ 701.1 మార్కులతో కంచు పతకము గెలిచెను. వెండి పతకము గెలిచిన ఇటలీ ఆటగానికి 701.5. డెబ్బది గుండ్లు కాల్చిన పిమ్మట ఇద్దరి నడుమ మిగిలిన తేడా 0.4. ఒక్క గుండు ఒక్క మిల్లీమీటరు! అంతకు నాలుగేండ్ల ముందు 2008లో బీజింగులో ఇదే పోటీలో అభినవ్ బింద్రా 700.5 మార్కులతో బంగారు పతకము గెలిచి, వ్యక్తిగత పోటీలో భారతదేశమునకు మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణమును తెచ్చెను.

గగన్ నారంగును మన సీమవాడంటిని. ఆయన ఉత్తరాది కుటుంబమువాడు, చెన్నైలో పుట్టెను, హైదరాబాదున పెరిగెను. మన తాతలు మగ్గములతో, బేరములతో గోదావరి గట్టునకు వచ్చి మరాఠీ సోదరుల నడుమ స్థిరపడినట్లే ఆయన పెద్దలును తెలుగు గడ్డపై స్థిరపడిరి. 1956 వరకు మన నాందేడును ఆ హైదరాబాదు రాష్ట్రములోని జిల్లాయే గదా! ఆయన 2011లో ఒక మిత్రునితో కలిసి పూణేలో పిల్లలకు గురి నేర్పు పాఠశాలను స్థాపించెను. హైదరాబాదునకే చెందిన ఈషా సింగ్ అను బాలిక 2018లో పదుమూడేండ్ల వయసున గాలి పిస్తోలులో జాతీయ విజేత యయ్యెను. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో నాలుగు పతకములు గెలిచెను. మహారాష్ట్రకు కీర్తి తెచ్చిన సుమా శిరూర్ 2004లో ఆసియా పోటీలలో 400కు 400 మార్కులు సాధించి ప్రపంచ రికార్డును అందుకొనెను. వారందరి గాలి తుపాకుల గొట్టము ఎంత? నాలుగున్నర మిల్లీమీటర్లు. నా బల్లమీది తుపాకి గొట్టమును అంతే! ఆ గుండు దెబ్బ బలము ఎనిమిది జౌళ్లకు మించదు. ప్రపంచ విజేతలకు చాలిన గొట్టము మన వాడకు చాలదా?

ఇంకొక మాట. వేగము పెరిగినచో గురి పెరుగునను భ్రమ చాలమందికి కలదు. శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. గుండు ఆ వేగమును సమీపించినప్పుడు దాని ముందరి గాలి కలత చెంది గుండును కుదుపును. డమరుకపు గుండు ఆ కుదుపునకు నిలువదు. అందుచేత పోటీ తుపాకులను చేయువారు బుద్ధిపూర్వకముగా వేగమును సగములో ఆపియుంచిరి. నిదానముగా నడుచువాడు గమ్యము చేరునని మన పెద్దలు ఊరక చెప్పలేదు.

చట్టమును గూర్చి రెండు ముక్కలు. 1959 నాటి ఆయుధ చట్టము, 2016 నాటి ఆయుధ నియమములు మనకు వర్తించును. గొట్టము 4.5 మిల్లీమీటర్లను మించినను, దెబ్బ బలము 20 జౌళ్లను మించినను ఆ గాలి తుపాకికి లైసెన్సు కావలెను. లైసెన్సు లేక ఆయుధమును మార్చుట, తయారుచేయుట కూడ నేరమే. అనగా మన పిల్లవాడు అడిగిన పనిని నేను చేయించియుంటినేని వాడును, నేనును, లేతు పనివాడును ముగ్గురమును పోలీసు ఠాణా గడప ఎక్కవలసినవారమే. ఇతర భాషా రాష్ట్రమున తరతరములుగా మర్యాదతో బ్రతుకుచున్నవారము మనము. ఒక్క పిల్లవాని పేరు ఠాణా పుస్తకములోనికి ఎక్కినచో వాని ఉద్యోగము, చదువు, పెండ్లి అన్నియు చిక్కులో పడును. మన వాడకును మాట వచ్చును.

పిట్టల సంగతి పెద్దలు ఎత్తినారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద చిలుకను కొట్టుటయు వేటయే. కాని చట్టము భయము కంటె పెద్ద ఉదాహరణ ఒకటి చెప్పెదను. అరుణాచల ప్రదేశమున వేట తరతరముల అలవాటు. అక్కడ 2021లో గాలి తుపాకులను స్వచ్ఛందముగా అప్పగించు ఉద్యమము మొదలయ్యెను. అడవులు పిట్టల కూత లేక మూగవోవుచున్నవని గ్రహించి రెండువేలకు పైగా తుపాకులను జనులు తామే తెచ్చి యిచ్చిరి. వేటయే వాడుకగా గలవారు విడువగలిగినప్పుడు, జొన్నచేని కాపలా పేరు చెప్పి నేను చేసిన పనిని మన పిల్లలు చేయనక్కరలేదు.

అయినచో విన్నపమునకు నా సమాధానమేమి? అనుమతి ఇయ్యవలెననియే నా అభిప్రాయము. దాచిన తుపాకి చాటున పేలును. సంఘ భవనములోని తుపాకి పెద్దల కన్నుల ఎదుట పేలును. పిల్లవాని చేయి ఎట్లును తుపాకిపైకి పోయినది. దానిని గోనెసంచిలో వదలుదుమా, క్రమములో పెట్టుదుమా? అయితే నియమములు వేయవలెను. వినుడు.

ఒకటి: నాలుగున్నర మిల్లీమీటర్ల గొట్టము మాత్రమే. పెద్ద గొట్టమునకు సంఘము సొమ్ము ఒక్క పైసా రాదు. గొట్టమును గాని స్ప్రింగును గాని మార్చినవానికి హాలులో ప్రవేశము లేదు.

రెండు: హాలు పొడవు పది మీటర్లకు సరిపోవును. లక్ష్యము వెనుక గుండును పట్టు ఇనుప పెట్టెను నా దుకాణము ఉచితముగా చేయించి యిచ్చును. దాని రేకు ఏటవాలుగా ఉండి గుండును క్రిందికి దించవలెను. ఎదురుగా నిలిచిన రాయి ఏమి చేయునో నాకు తెలియును.

మూడు: కాల్చువాడును చూచువాడును కంటి అద్దములు లేక లోపలికి రారాదు. గొట్టపు మూతి ఎల్లప్పుడు లక్ష్యము వైపే. తలుపు ఒక్కటే, తాళము ఒక పెద్ద చేతిలో. ఆట ముగిసిన పిమ్మట తుపాకులు ఇనుప బీరువాలోనికి పోవలెను.

నాలుగు: గుండు సీసము. సీసము విషము. ఆట ముగిసిన వెంటనే సబ్బుతో చేతులు కడుగుకొనక ఎవ్వరును తినరాదు. వాడిన సీసమును ఊడ్చి డబ్బాలో పెట్టవలెను.

ఐదు: ప్రతి పిల్లవాడును ఒక నోటుపుస్తకము పెట్టవలెను. ఏ డబ్బా గుండు, ఐదు గుండ్లు ఎంత వెడల్పులో పడినవి, ఏనాడు గొట్టమును తుడిచినది, అన్నియు తెలుగులో వ్రాయవలెను. తుడుచుటకు ఉన్ని గుళికలే వాడవలెను. ఇనుప కమ్మిని దూర్చి గాడులను గీయరాదు. తెలుగు బడికి పోని పిల్లలకు ఈ పుస్తకమే తెలుగు బడి యగును. పెద్దల ఆక్షేపణకు నా జవాబు ఇది.

ఆరు: ఆడపిల్లలకు సమాన స్థానము. ఈషాయును, సుమయును ఏ యింటి బిడ్డలు? వారికి ఒక యిల్లు తలుపు తెరచినది. మనమును తెరువవలెను.

ఖర్చు మాట. ఎనిమిది తుపాకులు వలదు. మంచివి రెండు చాలును. ఎనిమిది చవక గొట్టములకంటె ఒక నిజమైన గొట్టము మేలు. పది చవక డబ్బాలకంటె గొట్టము మెచ్చిన ఒక డబ్బా మేలు. సగము సొమ్ము వర్తకులమైన మేము చందాగా పోగుచేసెదము. బడి పుస్తకముల పద్దును ముట్టనక్కరలేదు.

దసరానాడు ఈ పట్టణమంతయు ఆయుధములను పూజించును. గురుద్వారములో శస్త్రములను దర్శింతురు. మన యిండ్లలో మగ్గమును, కత్తెరను, సుత్తెను పీటపై పెట్టుదుము. మా దుకాణములో మా తండ్రిగారు త్రాసును పెట్టెడివారు. “తూకము తప్పినచో అదియును ఆయుధమే” అని ఆయన అనెడివారు. ఈ తుపాకిని గూర్చి నేను తెలిసికొన్నదంతయు ఆ మాటలోనే ఉన్నది. గుండు బరువు సమానము కావలెను, గాలి సమానము కావలెను, గొట్టము సమానము కావలెను. అన్నింటికంటె ముందు పట్టినవాని మనస్సు సమానము కావలెను.

వచ్చే ఆదివారము కార్యవర్గము ఈ విషయమును తీర్మానింపనున్నది. ఒప్పుకొనువారు చేతులెత్తుటకు ముందు మా తమ్ముని కనుబొమను ఒక్కసారి చూడవలెను. కాదనువారును చూడవలెను. ఆ మచ్చను చూచి ఏమి చేయవలెనో మీకు తోచునది చేయుడు. వాడు నాతో మాత్రము ఒక మాట చెప్పినాడు. పరీక్షకు మొదటి గుండును తానే కాల్చునట! ముందు వరుసలోని పిల్లవాడు వానికి కంటి అద్దములు అందించవలెను.